సెక్షన్ 39 గురించి ఎవరూ ఎందుకు అడగరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

గంజాయితో కుర్రాళ్లు దొరికారు అనే వార్త మీ పేపర్లో లేని రోజు ఉండట్లేదు, మొహానికి ముసుగులు, టేబుల్ మీద ప్యాకెట్లు, ఒక ఫొటో, అంతే, తర్వాత వాళ్లేమయ్యారో ఎవరూ రాయరు. నేనొక లాయరు గారి దగ్గర గుమస్తాని కాబట్టి ఆ తర్వాతది చూస్తుంటా. కేజీ లోపు గంజాయి అంటే స్మాల్ క్వాంటిటీ, ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా ఫైను, లేదంటే రెండూ. మా దగ్గరకొచ్చిన కుర్రాడు నేరం ఒప్పేసుకుంటాడు, వాళ్లమ్మ చెవి దిద్దులు తాకట్టు పెట్టి ఫైను కడుతుంది, కొన్నాళ్లకి మళ్లీ అదే కుర్రాడు అదే కోర్టు వరండాలో.

మత్తుమందుల కేసులు పెట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే సెక్షన్ 39 అని ఒకటుంది సార్. మత్తుకి బానిసైనవాడు వాడకం కేసులోనో స్మాల్ క్వాంటిటీ కేసులోనో దోషిగా తేలితే, వాడు ఒప్పుకుంటే, జైలుకి బదులు బాండ్ రాయించుకుని గవర్నమెంటు ఆసుపత్రిలోనో గుర్తింపున్న సెంటర్లోనో ట్రీట్‌మెంట్‌కి పంపొచ్చు, ఏడాదిలోపు రిపోర్టు పెట్టాలి. మా కోర్టులో ఇది అడిగిన లాయర్ని నేను ఒక్కసారే చూశా, అది కూడా కుర్రాడి మేనమామ కాంపౌండర్ కాబట్టి ఆయనే ఎక్కడో విని వచ్చి పట్టుబట్టాడు.

అమ్మేవాళ్లని వదలమని నేననట్లేదు, చట్టం వ్యాపారం లెక్కన చూసే 20 కేజీలు దాటిన కేసుల్లో ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అలాగే "మత్తులో ఉన్నాను, అందుకే కొట్టాను" అంటే కుదరదు, తనంతట తాను తాగినవాడికి చట్టం కూడా ఆ సాకు ఇవ్వదు, దెబ్బలు తిన్నవాడికి అవి తగ్గవు కదా. ఇంగ్లండ్ కోర్టుల గైడ్‌లైన్స్‌లో మత్తులో నేరం చేస్తే శిక్ష పెరుగుతుంది, కానీ అలవాటు మానడానికి వాడేం చేశాడో చూపిస్తే తగ్గించడానికి వీలుంది. నాకిది నచ్చింది, జాలి చూపించట్లేదు, పని చూపించమంటోంది.

అసలు చిక్కు సెల్‌ఫోన్లు, బైకులు కొట్టేసిన కేసుల్లో. చేసింది మత్తు కోసమే, కానీ కేసు దొంగతనం, సెక్షన్ 39 దానికి వర్తించదు. అలాంటప్పుడు శిక్ష వేసేముందు వాడు ఏం తీసుకుంటున్నాడు, ఎన్నాళ్లనుంచి, ఎక్కడైనా చేరాడా అని కాగితం మీద పెట్టించుకుంటే జడ్జి గారికీ ఒక దారి దొరుకుతుంది. ఇప్పుడైతే మేమే "పేదవాడు, మొదటి తప్పు" అని ఎప్పటిదో టైపు చేసిన కాగితంలో పేరు మార్చి ఇచ్చేస్తున్నాం.

ఇట్లు,
ఒక లాయరు గుమస్తా