ఆ లాభాల శాతం ఎలా లెక్కకట్టారో కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ట్రేడర్‌ని కాపీ చేస్తే చాలు, అంటే అతను కొన్నదే కొని అమ్మినదే అమ్మితే చాలు, డబ్బు దానంతటదే పెరుగుతుందని చెప్పే క్రిప్టో యాప్‌ల గురించి మీ బిజినెస్ పేజీలో తరచూ రాస్తున్నారు. అలాంటి ఒక ప్లాట్‌ఫామ్‌లో నేను డేటా ఇంజినీరింగ్ టీమ్‌ని నడిపిస్తున్నాను. ట్రేడర్ పేరు పక్కన ఆకుపచ్చగా కనిపించే లాభాల శాతాన్ని లెక్కకట్టేది మాలాంటివాళ్లమే.

అంతా బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే పద్దులో, బహిరంగంగానే ఉంది కదా, ఇక మోసానికి చోటెక్కడ అంటుంటారు. లావాదేవీలు అక్కడున్న మాట నిజమే, లాభం మాత్రం అక్కడ ఉండదు. ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్‌లో 12 సెకన్లకో బ్లాక్ (లావాదేవీల కట్ట) వస్తుంది, అందులో ఏ వాలెట్ (క్రిప్టో ఖాతా) నుంచి ఎక్కడికి ఎంత వెళ్లిందన్నది దశాంశ బిందువు లేని పొడవాటి అంకెగా ఉంటుంది. యూఎస్‌డీసీ, డాయ్ రెండూ ఒక్కోటి దాదాపు ఒక డాలరు విలువ చేసే కాయిన్లే, కానీ బిందువు యూఎస్‌డీసీకి చివరి నుంచి 6 స్థానాల ముందు, డాయ్‌కి 18 స్థానాల ముందు పెట్టుకోవాలి, ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే ఒక్క డాలరు లక్ష కోట్ల డాలర్లయి కూర్చుంటుంది. ఇలాంటివి టెస్టుల్లో దొరికిపోతాయి.

దొరకనిది వేరే ఉంది. ఒకతను లాభంలో ఉన్నవి అమ్మేసి, నష్టంలో ఉన్నవి అలాగే ఉంచుకున్నాడనుకోండి, అమ్మినవే లెక్కేస్తే అతను ఒక్కసారీ ఓడనట్టే. ఇంకొకతను ఇరవై వాలెట్లు తెరిచి, కలిసొచ్చిన ఒక్కదాన్నే జనానికి చూపిస్తాడు. పైగా పెద్దగా కొనేవాళ్లు లేని కాయిన్ అయితే కాపీ చేసేవాళ్లంతా ఎగబడే సరికి ధర పెరిగిపోతుంది, అతను ఆ పెరిగిన ధరకి వాళ్లకే అమ్ముకుని బయటపడతాడు. అమ్మనివాటిని ఇవాళ్టి ధరకి లెక్కేయాలని, లాభంలోంచి గ్యాస్ ఫీజు (ప్రతి లావాదేవీకి నెట్‌వర్క్‌కి కట్టే రుసుము) మినహాయించాలని, అతన్ని కాపీ చేసినవాళ్లకి సగటున ఏం మిగిలిందో పక్కనే చూపించాలని నేను మీటింగుల్లో వాదిస్తూనే ఉన్నాను, కానీ ఇది ఒక్కో టీమ్ ఇష్టానికి వదిలేసే విషయం కాదు.

మన దగ్గర పన్ను సంగతి మరీ ఘోరం. 2022 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోవడానికి లేదు. యాప్ రోజుకి పదిసార్లు కొని అమ్ముతుంటే మొత్తం మీద నష్టపోయినా పన్ను కట్టాల్సి రావచ్చు!

యూరప్‌లో సీఎఫ్‌డీ (షేరు లాంటిది కొనకుండానే దాని ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదానిపై పందెం లాంటి ఒప్పందం) ట్రేడింగ్ కంపెనీలు తమ ఖాతాదారుల్లో ఎంత శాతం మంది డబ్బు పోగొట్టుకున్నారో ప్రకటనలోనే చెప్పాలని 2018లోనే నిబంధన పెట్టారు. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) ట్రేడింగ్‌లో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పాకే కదా మన ఇళ్లల్లో ఆ చర్చ గట్టిగా మొదలైంది. కాపీ ట్రేడింగ్ యాప్‌లకీ అలాంటి నిబంధన రావాలి. అది వచ్చేదాకా, ఈ యాప్‌ల గురించి వార్త రాసే ముందు కాపీ చేసినవాళ్లలో ఎంతమంది నష్టపోయారని మీ విలేకరులు కంపెనీని అడగాలి, చెప్పకపోతే చెప్పలేదని రాయాలి.

- ఒక డేటా ఇంజినీర్, హైదరాబాద్