దోపిడీకే వెళ్లారంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం మీ పేపర్లో క్రూసేడ్ల మీద, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన మతయుద్ధాల మీద వచ్చిన వ్యాసం చదివాను, బాగానే ఉంది గానీ ఆ నైట్లంతా (గుర్రమెక్కి పోరాడే యోధులు) భూముల కోసం, దోపిడీ కోసమే జెరూసలేం పోయారని ఒక్క ముక్కలో తేల్చేశారు, అదే నాకు మింగుడుపడలేదు. ఫ్రాన్స్‌లో మోన్‌మెర్ల్ అచార్డ్ అని ఒక నైట్, 1096లో ఉన్న ఆస్తిని క్లూనీ మఠానికి తాకట్టు పెట్టి 2,000 సాలిడస్‌ల (అప్పటి డబ్బు లెక్క) సొమ్ము, 4 కంచర గాడిదలు తీసుకుని బయల్దేరాడు, నేను దారిలో చచ్చిపోయినా అక్కడే ఉండిపోయినా ఆస్తి మఠానిదే అని పత్రంలో రాసిచ్చాడు కూడా. లాభం చూసుకునేవాడు ఇలా రాసిస్తాడా అండీ? 1099లో జెరూసలేం దగ్గరి రేవు పట్టణం జాఫా దగ్గర చనిపోయాడు పాపం.

అసలు వాళ్ల భయమంతా పాపం గురించే. కత్తి పట్టి బతికేవాడు నరకానికే పోతాడేమో అని దిగులు, ఆ పాపం కడుక్కోవాలంటే అన్నీ వదిలేసి సన్యాసుల్లో కలవడమే అనుకునేవాళ్లు. 1095లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండో అర్బన్, పేరు కోసమో డబ్బు కోసమో కాకుండా భక్తితో వెళ్తే ఆ ప్రయాణమే మొత్తం ప్రాయశ్చిత్తం అనేసరికి, కత్తి వదలక్కర్లేకుండానే దారి దొరికిందిగా! భుజాన గుడ్డ శిలువ కుట్టుకుని కదిలారు.

అలాగని వాళ్లని వెనకేసుకురావట్లేదు, 1099 జులై 15న జెరూసలేంలో చేసిన ఊచకోత ఆ భక్తితోనే చేశారు. కానీ నగరం చేతికొచ్చాక ఎక్కువమంది ఇంటిదారే పట్టారు, అక్కడ పాలకుడిగా ఉండిపోయిన గాడ్‌ఫ్రే దగ్గర మిగిలింది సుమారు 300 మంది నైట్లే. ఈ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఖమ్మం