ఈ సీజన్ రంగం నాటకంతో మొదలవుతోంది, టికెట్ ధర కూడా పెరుగుతోంది

విశాఖలో మా బృందం వేసే నాటకాలకు టికెట్ కొనుక్కుని వచ్చే మీ అందరికీ నమస్కారం.

చేదు మాట ముందే చెప్పేస్తాను. డిసెంబరులో మొదలయ్యే ఈ సీజన్ మొదటి నాటకానికి వెనుక వరుసల టికెట్ 150 నుంచి 200 రూపాయలకు, మధ్య వరుసలది 250 నుంచి 350కి, ముందు వరుసలది 400 నుంచి 500కి పెరుగుతున్నాయి. ఏటా వేసే నాలుగు నాటకాల బదులు ఈసారి మూడే వేస్తాం. సీజన్ పాసు ధర మాత్రం మార్చలేదు. నాలుగింటికి తీసుకున్న డబ్బే మూడింటికి తీసుకుంటే అది పెంపు కాదా అని మీరు అడగక ముందే చెబుతున్నాను, అదీ పెంపే.

ఇంతకూ కారణం మొదటి నాటకం. మన తీరం నుంచి బర్మా వెళ్లి, అక్కడ మూడు తరాలు బతికి, చివరికి ఓడల్లో తిరిగి వచ్చిన వాళ్ల కథ ఇది. రెండు గంటలకు పైగా సాగే సంగీత నాటకం. పాటలన్నీ వేదిక మీదే పాడతారు, వాద్యాలన్నీ అక్కడే వాయిస్తారు. పోస్టరు మీద వేరే పేరు వస్తుంది గానీ, రిహార్సల్స్‌లో అందరం దాన్ని రంగం నాటకం అనే పిలుస్తున్నాం. ఉత్తరాంధ్ర ఇళ్లలో ముసలివాళ్లు రంగూన్‌ను ఇప్పటికీ అలాగే అంటారు కదా.

కథ భీమిలి దగ్గర ఒక పల్లెలో మొదలవుతుంది. కూలీలను కుదిర్చే మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు చేతిలో పెడతాడు, పడవ ఖర్చు తనదే అంటాడు. ఆ అప్పు తీర్చడానికి అక్కడ ఎన్నాళ్లు పనిచేయాలో మాత్రం చెప్పడు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్ల డెక్కు మీద కూర్చుని బంగాళాఖాతం దాటిన వాళ్లలో ఎక్కువమంది ఇలా వెళ్లినవాళ్లే. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. వరి మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసింది వీళ్లు. రిక్షాలు లాగింది వీళ్లు. ఊరి మలం ఎత్తిపోసిందీ వీళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే. అక్కడ వడ్డీ వ్యాపారం చేసిన చెట్టియార్ల గురించి చాలామందికి తెలుసు. మన కూలీల గురించి తెలిసింది తక్కువ.

ఈ పారిశుద్ధ్య పనివారి దృశ్యం దగ్గరే మా బడ్జెట్టు తలకిందులైంది. నిర్మాణ ఖర్చులో పెద్ద భాగం భరిస్తామని ఒక సంస్థ ముందుకు వచ్చింది. స్క్రిప్టు చదివి ఒకే ఒక్క షరతు పెట్టింది: ఆ దృశ్యం, దానితో వచ్చే పాట తీసేయాలి. మనవాళ్లు అక్కడ దొడ్లు కడిగారని ఇప్పుడు పనిగట్టుకుని చూపించడం ఎందుకు, వ్యాపారాలు చేసి పైకి వచ్చిన వాళ్లను చూపించండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది అన్నారు. మర్యాదగానే అన్నారు, నేనూ మర్యాదగానే వద్దన్నాను. కులం వల్ల ఇక్కడ ఏ పని అంటగట్టారో, సముద్రం దాటినా అదే పని ఎదురైన మనుషులు వాళ్లు. నాటకంలో తెల్లవారకముందు వీధుల్లో వాళ్లు పాడుకునే పాట ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది నాటకం కాదు, సన్మాన సభ. ఆ సంస్థ ఇవ్వబోయిన డబ్బు ఇప్పుడు మీ టికెట్ ధరలోకి వచ్చి చేరింది. మీరు అదనంగా ఇచ్చే యాభై, వంద రూపాయలతో ఆ పాట నాటకంలో ఉంటుంది. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

లెక్క కూడా వినండి. వేదిక మీద పదకొండు మంది నటులు, అందరూ పాడగలిగిన వాళ్లే. పక్కన ఐదుగురు వాద్యకారులు: హార్మోనియం, తబలా, జముకు, తప్పెట, వేణువు. పాటలు ముందే రికార్డు చేసి పెడితే ఖర్చు ఒక్కసారితో పోతుంది. అలా కాదనుకున్నాం కాబట్టి ప్రతి ప్రదర్శనకూ పదహారు మందికీ ఇవ్వాలి. వీళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగాలు ఉన్నాయి, పోర్టులో, బ్యాంకులో, బడిలో. సాయంత్రం అలసిపోయి వచ్చి గొంతు విప్పే మనిషికి చాయ్ ఇచ్చి పంపించేస్తే కుదరదు. కాలర్ మైకుల అద్దె వేరు. హాలు పూర్తిగా నిండినా మొదటి రెండు ప్రదర్శనల డబ్బు హాలు అద్దెకు, మైకులకు, లైట్లకే సరిపోతుంది. లాభం అనే మాట ఐదో ప్రదర్శన దగ్గర మొదలవుతుంది. మేము వేసేది ఆరు.

ముందు వరుస 500 దగ్గర ఆగడానికీ కారణం ఉంది. నాటకం టికెట్ 500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ లేదు, దాటితే ఉంది. మీ దగ్గర పన్ను వసూలు చేసి, ఫారాలు నింపుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు.

నాటకానికి టికెట్ ఏమిటి, పరిషత్తుల్లో ఉచితంగానే చూస్తున్నాం కదా అనే వాళ్లు ఇంకా ఉన్నారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి ఎందరో మంచి నటులు ఆ పోటీల్లోంచే వచ్చారు, మా బృందంలో సగం మంది సహా. కానీ పోటీ నాటిక గంటలోపు ముగియాలి, సెట్టు నిమిషాల్లో ఎత్తేయాలి, చూసేది న్యాయనిర్ణేతలు. ఆరు సాయంత్రాలు ఆడే సంగీత నాటకం అందులోంచి రాదు. సురభి నాటక కుటుంబాలు 1885 నుంచి టికెట్ డబ్బుతోనే పిల్లల్ని పెంచుకున్నాయి, తెరలూ కుట్టుకున్నాయి. మనకు కొత్త అలవాటేమీ కాదు, మరిచిపోయిన అలవాటు.

ఇక పాటలు వేదిక మీదే ఎందుకు పాడాలి అంటే, 1930 దృశ్యం గురించి చెప్పాలి. ఆ ఏడాది మే 5న పెగూ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది, రంగంలోనూ ఇళ్లు కూలాయి. అదే నెలలో ఓడరేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ల బదులు బర్మా కూలీలను తెచ్చుకున్నాయి. కొన్నాళ్లకు తెలుగువాళ్లతో రాజీ కుదరగానే కొత్తగా తెచ్చినవాళ్లను పొమ్మన్నాయి. మే 26న గొడవలు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన కూలీలే.

ఈ దృశ్యం రాయడం తేలిక, ఒకవైపు మంచివాళ్లు, ఇంకోవైపు దుర్మార్గులు. అలా అయితే వద్దని దర్శకుడు, నేను మొదటే అనుకున్నాం. ఆకలితో ఉన్న ఇద్దరిని ఒకే మూట కోసం ఎగబడేలా చేసినవాళ్లు గొడవ రోజు వీధిలో కనిపించరు. అందుకే వేదికకు అటు తెలుగు కూలీలు, ఇటు బర్మా కూలీలు, ఇద్దరిదీ ఒకే లయ. హైలెస్సా అని ఇటువాళ్లు ఎత్తుకుంటే, అటువాళ్లు తమ మాటల్లో అందుకుంటారు. నెమ్మదిగా వేగం పెరిగి, రెండు పాటలూ ఒకదాని మీద ఒకటి పడి, మాటలు వినపడకుండా పోతాయి. వేగం ఎంత పెరగాలో ఆ పూట నటుల ఊపిరిని బట్టి ఉంటుంది. రికార్డు చేసిన పాట మీద పెదాలు కదిపితే ఇది జరగదు. రిహార్సల్‌లో విన్నాక మా లెక్కలు చూసే అమ్మాయే ఖర్చు తగ్గించమనడం మానేసింది.

బర్మా వీణ వాయించేవారు ఇక్కడ దొరకలేదు. కీబోర్డులో ఆ ధ్వని ఉంది, వింటే ఎవరిదో ఫోను మోగుతున్నట్టు ఉంది. తీసేశాం. ఆ చోట గొంతు తప్ప మరేదీ వినపడదు.

చిన్నపిల్లలతో వచ్చేవారికి ఒక ముందస్తు మాట. రెండో అంకంలో సైరన్లు, బాంబుల చప్పుడు గట్టిగా ఉంటాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది భారతీయులు నడక దారి పట్టారు, అరకాన్ కొండల మీదుగా కొందరు, మణిపూర్ వైపు కొందరు. కలరా, మలేరియా, ఆకలి దారిలోనే చాలామందిని తీసుకుపోయాయి. మా కథలోని చెల్లెలు అలా నడిచి నడిచి విశాఖ చేరుతుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ ఓడరేవు మీద కూడా బాంబులు పడ్డాయి. తప్పించుకుని వచ్చిన చప్పుడే ఇంటి ముందు మళ్లీ వినపడితే ఆ మనిషి ఏం చేస్తుంది? నాటకంలో ఆమె ఏం చేస్తుందో ఇక్కడ చెప్పను. ఐదేళ్ల లోపు పిల్లలను తీసుకురాకండి, తెచ్చినా చివరి వరుసలో కూర్చోండి.

నవ్వుకునే చోటు కూడా ఉంది. 1962లో బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాయి. 1964 మే 17న అక్కడి కరెన్సీలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. మా కథలో ఆ చెల్లెలి అన్న కుటుంబం అప్పటికీ అక్కడే ఉంది. ఓడ ఎక్కే ముందు కస్టమ్స్ అధికారి వాళ్ల ట్రంకు పెట్టె తెరిచి ఒక్కో వస్తువు పేరూ రాగం తీసి చదువుతాడు, ఇది వెళ్లవచ్చు, ఇది వెళ్లకూడదు అని. మనవరాలు ప్రతిదానికీ ఎదురు పాట కడుతుంది. పాట మొదట్లో నవ్వించడం ఎంత తేలికో, అమ్మమ్మ ముక్కుపుడక దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వును ఆపడం అంత కష్టం. నటులు ఇంకా అక్కడే సాధన చేస్తున్నారు. చివరి దృశ్యం, తిరిగి వచ్చిన వాళ్లు స్థిరపడిన కంచరపాలెం బర్మా క్యాంపులో.

మొదటి ప్రదర్శనకు ముందురోజు శుక్రవారం, బర్మా నుంచి వచ్చిన కుటుంబాల కోసం ఒక ప్రదర్శన ఉచితంగా వేస్తున్నాం. డబ్బు లేదంటూ ఉచితమా అని మా వాళ్లే అడిగారు. ఆ క్యాంపు పెద్దలు మాతో గంటల కొద్దీ కూర్చుని స్క్రిప్టు దిద్దారు. మేము రిక్షా అని రాసుకున్న చోటల్లా, బర్మాలో అనేట్టు లాంచా అని మార్పించారు. బుగ్గలకు రాసుకునే థనకా పూత మా మేకప్ ఆయన కలిపినంత పసుపుగా ఉండదని ఒక పెద్దావిడ కడిగించి మళ్లీ వేయించారు. వాళ్ల దగ్గర టికెట్ డబ్బు తీసుకుంటే మేమే బాకీ పడతాం.

పద్యనాటకాలు చూసి పెరిగిన పెద్దలకు ఒక మనవి: ఈ నాటకంలో వన్స్ మోర్ లేదు. పాటలోనే కథ నడుస్తుంది, మళ్లీ పాడితే చనిపోయినవాడు లేచి మళ్లీ చనిపోవాలి. తెర పడ్డాక మీరు అడిగిన పాట ఒకటి పాడతారు, అప్పుడు ఎంత గట్టిగా అయినా అరవండి.

ప్రదర్శనలు విశాఖ పిఠాపురం కాలనీలోని కళాభారతి హాల్లో, డిసెంబరు రెండో శనివారం నుంచి మూడు వారాంతాలు, శని, ఆదివారాల్లో. మొదటి వారం కావాలనే వదిలేశాం, నేవీ డే విన్యాసాలు ఉంటే ఆ హడావిడిలో బీచ్ రోడ్డు వైపు నుంచి ఎవరూ సమయానికి రాలేరు. మద్దిలపాలెం బస్సు కాంప్లెక్సు దగ్గర దిగితే అక్కడి నుంచి ఆటో సరిపోతుంది. సాయంత్రం 6.30కి మొదలు. పాట మధ్యలో తలుపులు తెరవం, ఆలస్యమైతే దృశ్యం మారేదాకా బయట నిలబడాలి. విరామంలో బర్మా నుంచి వచ్చిన ఒక కుటుంబం ఖౌస్వే అనే బర్మా నూడుల్స్ వండి అమ్ముతుంది, ఆ డబ్బు పూర్తిగా వాళ్లదే.

తుపాను సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, డిసెంబరులోనూ బంగాళాఖాతం ఊరుకోదు. హెచ్చరికల వల్ల ప్రదర్శన ఆగితే మరో రోజుకు మార్చుకోవచ్చు, లేదా మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కారణం చెప్పనవసరం లేదు.

మిగతా రెండు నాటకాలు ఒక హాస్య నాటకం ఫిబ్రవరిలో, ఒక పద్యనాటకం పిల్లల పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో. వాటికి పాత ధరలే. పాసు ఉన్నవారు సీట్లు ఎంచుకోవడానికి నవంబరు 15 వరకు గడువు, ఆ తర్వాత మిగిలినవి అందరికీ అమ్ముతాం.

హాలు ముందు గదిలో పాత వస్తువులు పెట్టాలనుకుంటున్నాం. మీ ఇంట్లో రంగం నాటి ఓడ టికెట్టు, ఉత్తరం, ఫొటో, ట్రంకు పెట్టె ఏది ఉన్నా నవంబరు నెలాఖరులోగా మా రిహార్సల్ హాలుకు తెచ్చి ఇవ్వండి. రశీదు రాసి ఇస్తాం, ఫొటోలకు నకలు తీసుకుని అసలు అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేస్తాం, మిగతావి చివరి ప్రదర్శన అయిన మర్నాడు మేమే మీ ఇంటికి చేరుస్తాం.