పందెం ఆటలు ఆగాయి సరే, మా వాడి ఆట సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో చాలామంది హమ్మయ్య, పిల్లల పీడ వదిలింది అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మా వాడు ఆడేది పందెం ఆట కాదని, ఆ చట్టం దాని జోలికే పోదని తెలియడానికి వారం పట్టలేదు.

వాడు ప్లస్ టూ. నేను దుకాణం కట్టేసి రాత్రి పదింటికి ఇంటికొచ్చేసరికి కంచంలో అన్నం ఎండిపోయి ఉంటుంది, వాళ్లమ్మ ముద్ద కలిపి నోట్లో పెడితే ఫోన్ మీంచి కళ్లు తీయకుండా నములుతాడు, పదిహేడేళ్ల వాడు! పిలిస్తే "ఒక్క మ్యాచ్ నాన్నా" అంటాడు. ఆ ఒక్కటీ అరగంట. మొదట్లో ఫోన్ లాక్కుంటే తలుపేసుకుని రెండు రోజులు తిండి మానేశాడు. తర్వాత ఓ రోజు వాడే చెప్పాడు, మధ్యలో వదిలేస్తే ర్యాంకు పడిపోతుందట, జట్టులో మిగతా ముగ్గురూ బూతులు తిడతారట, ఒక్కరోజు లాగిన్ కాకపోయినా ఆ రోజు బహుమతి పోతుందట. అందుకే కాబోలు, మా అమ్మ పెద్దకర్మ నాడు పంతులుగారు మంత్రం చెబుతుంటే వీడు ఆయన వెనకాల చార్జర్‌కి ప్లగ్గు వెతుకుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్ని ఆటల్లో 18 ఏళ్ల లోపు వాళ్లకి గంటల లెక్క ఉందంటారు. మా వాడి ఖాతాలో పుట్టిన సంవత్సరం చూస్తే నాకంటే రెండేళ్లే చిన్న! అడిగే నాథుడు లేడు. చైనాలోలాగా వారానికి మూడు రోజులు, రోజుకో గంట అని కట్టేయమనను. ఆడే పిల్లలందరూ రోగులు కారు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో ఈ ఆటల వ్యసనాన్ని చేర్చినా, మామూలుగా ఏడాదిపాటు అదుపు తప్పి, చదువూ ఇల్లూ దెబ్బతింటేనే జబ్బంటుంది. మా వాడికి ఏడాది దాటింది.

అసలు చిక్కు భాష దగ్గర వచ్చింది. బరంపురం తీసుకెళ్తే అక్కడి కౌన్సెలర్ మంచివారే, కానీ ఒడియాలో అడుగుతారు. మా ఆవిడ ఒడియాలో బేరం ఆడగలదు గానీ కొడుకు గురించి ఏడవలేదు. చివరికి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం బస్సెక్కాం. అక్కడి డాక్టరు తెలుగులో "ఏ ర్యాంకులో ఉన్నావురా?" అని అడిగారు, వీడు ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు, మాతో ఏడాదిలో అంత మాట్లాడలేదు.

ఇక్కడి తెలుగు కుటుంబాలన్నీ దుకాణం మూసుకుని శ్రీకాకుళం వెళ్లలేవు. గజపతి జిల్లా ఆసుపత్రిలో తెలుగు వచ్చిన కౌన్సెలర్‌ని వారానికి ఒక్కరోజు కూర్చోబెట్టమని అధికారులను కోరుతున్నాను. ఈలోగా మనసు బాగోలేనివాళ్లు ఫోన్‌లో సలహా అడగడానికి కేంద్రం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మా వీధిలో ఆ నంబరు తెలిసిన ఇల్లు మాదొక్కటే, దయచేసి మీ పత్రికలో పెద్ద అక్షరాల్లో వేయండి.

ఒక తండ్రి,
పర్లాకిమిడి