సుంకాల చర్చల్లో చెరువు గట్టు మాట కూడా వినండి

సంపాదకుడు గారికి,

మాది పశ్చిమగోదావరి జిల్లా, ఆకివీడు దగ్గర. ఆరెకరాల చెరువు చేస్తున్నాను, అందులో నాలుగెకరాలు లీజే. వనామి రకం రొయ్య వేస్తాం. అమెరికా సుంకాల మీద మీ పేపర్లో రోజూ వార్తలు వస్తున్నాయి. ఎగుమతిదారులు ఏమన్నారు, మంత్రులు ఏమన్నారు, ఢిల్లీలో చర్చలు ఎక్కడిదాకా వచ్చాయి, అన్నీ చదువుతున్నాను. రొయ్య పెంచేవాడి మాట మాత్రం ఎక్కడా కనపడటం లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఏప్రిల్ సంగతి చెప్పాలి. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన సరుకు మీద 26 శాతం అని ప్రకటించారు. వారం తిరక్కుండానే, 9వ తేదీన, 10 శాతం మాత్రం ఉంచి మిగతాది 90 రోజులు వాయిదా వేశారు. మాకు మాత్రం ప్రకటన వచ్చిన మర్నాటి నుంచే కొనేవాళ్లు రేటు కోసేశారు. అప్పటికి నా చెరువులో పట్టుబడికి వచ్చింది 100 కౌంటు సరుకు, అంటే కిలోకు వంద తూగే చిన్న రొయ్య. అమెరికా వాళ్లు ఎక్కువగా కొనేది పెద్ద సైజులు, చిన్న సైజు ఎక్కువగా చైనా వైపు వెళ్తుందని ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. అయినా 100 కౌంటుకు కూడా కోత పెట్టారు. ఎందుకని అడిగితే ఏజెంటు "అమెరికా దెబ్బ కదండీ" అన్నాడు. ఆపుకుందామంటే వడ్ల బస్తాలు కాదు కదా, ఇంట్లో వేసుకుని నెల్లాళ్లు చూడటానికి. రోజూ మేత పడాలి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగాలి, మధ్యలో రోగం తగిలిందంటే రెండు రోజుల్లో మొత్తం పోతుంది. చెప్పిన రేటుకే ఇచ్చేశాను. తర్వాత సుంకం వాయిదా పడినా, నాకు తగ్గించిన డబ్బు తిరిగి ఇచ్చినవాళ్లు లేరు.

2025 ఆగస్టులో సుంకం నిజంగానే పడింది. 7వ తేదీ నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని 27 నుంచి ఇంకో 25. దీనికి తోడు మరీ తక్కువ రేటుకు అమ్ముతున్నామని వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా 2024 చివర్లో వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం ఉండనే ఉన్నాయి. అన్నీ కలిపితే అప్పుడు 58 శాతం దాకా వెళ్లింది. మనతో పోటీపడే ఈక్వెడార్ మీద అప్పుడు వేసిన కొత్త సుంకం 15 శాతమే. 2024-25లో దేశం నుంచి 7.41 లక్షల టన్నుల రొయ్య బయటికి వెళ్తే అందులో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లింది. మా ఊరి ఆడవాళ్లు తెల్లవారుజామున వ్యాన్ ఎక్కి ప్రాసెసింగ్ ప్లాంటుకు రొయ్య తలలు తీసే పనికి పోతారు, ఆ సెప్టెంబరు నుంచి వాళ్లకు వారంలో మూడు నాలుగు రోజులే పని దొరికింది. కాబట్టి ప్లాంటు వాళ్లది వట్టి నాటకమని నేననను. వాళ్ల కష్టం వాళ్లకుంది. నేనడిగేది ఒక్కటే, ఆ కష్టంలో ఎవరి వాటా ఎంతో తేల్చేటప్పుడు మేం ఎందుకు లేం?

అవతలి వాళ్లను చూడండి. మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేయించింది అమెరికా దక్షిణ తీరంలో, లూసియానా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో పడవల మీద వేటకెళ్లే మత్స్యకారులు, అక్కడి చిన్న ప్రాసెసర్లు. సంఘం కట్టుకున్నారు, లాయర్లను పెట్టుకున్నారు, కేసు వేశారు, 2005 నుంచి ఆ సుంకం నడుస్తూనే ఉంది. 2023లో వాళ్ల ప్రాసెసర్ల సంఘం మళ్లీ పిటిషన్ వేసింది, 2024 చివర్లో కౌంటర్‌వెయిలింగ్ సుంకం వచ్చింది. వాళ్ల మీద నాకు కోపం లేదు. దిగుమతి సరుకు వల్ల రేటు పడిపోతోందని బాధపడ్డారు, వెళ్లి చెప్పుకున్నారు, వాళ్ల ప్రభుత్వం వింది. మన వైపు నుంచి వాదించేది ఎగుమతిదారుల సంఘం. అది ఎగుమతిదారుల కోసమే మాట్లాడుతుంది, అందులో తప్పేముంది? మా కోసం మాట్లాడేవాళ్లు ఆ గదిలో లేకపోవడం తప్పు. ముఖ్యమంత్రి చంద్రబాబు గారు కేంద్రానికి లేఖలు రాశారు, సంతోషం. కానీ ఆదుకోవడమంటే ప్లాంట్లకు లోను వాయిదాలు, వడ్డీ రాయితీలు అనే దగ్గరే మాట ఆగిపోతోంది. అందులో చెరువు దాకా వచ్చేదెంత?

అమెరికా ఒక్కటే దిక్కు కాదని అందరూ అంటున్నారు, నిజమే. 2025 జూలై 24న బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, దాని ప్రకారం మన రొయ్య మీద అక్కడ సుంకం ఉండదు. యూరప్‌తోనూ 2025లో చర్చలు సాగాయి. అక్కడ వియత్నాంకు 2020 నుంచే ఒప్పందం ఉంది, ఈక్వెడార్‌కు అంతకంటే ముందు నుంచే ఉంది, అప్పటికి మనకే లేదు. అయితే సుంకం పోయినంత మాత్రాన యూరప్ తలుపు తెరుచుకోదు. మన చెరువుల్లో పెంచిన రొయ్య అక్కడి రేవుకు చేరితే వందలో యాభై సరుకులకు శాంపిల్ తీస్తున్నారు, 2016 నుంచి ఇదే వరస. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే కంటైనర్‌కు కంటైనరే వెనక్కి. ఇందులో మా తప్పు కూడా ఉంది, దాచను. రొయ్య నీరసపడిందని షాపుకెళితే పేరు కూడా సరిగా లేని డబ్బా ఇస్తారు, భయంలో తెచ్చి పోసేస్తాం. అందులో నిషేధించిన మందు ఉందో లేదో చూసుకోవడానికి నాకు దగ్గర్లో ల్యాబ్ లేదు. పట్టుబడికి పది రోజుల ముందు తక్కువ ఖర్చుతో పరీక్ష చేసిచ్చే ఏర్పాటు మండలానికొకటి ఉంటే, ఆ శాంపిళ్లు తగ్గించమని మన అధికారులు బ్రస్సెల్స్‌లో గట్టిగా అడగొచ్చు. యూరప్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మిగతా సరుకుల గురించి ఎంత పట్టుబడతారో దీని గురించీ అంత పట్టుబట్టాలి.

ఇంకొకటి. ఏ కౌంటు సరుకు ఏ దేశానికి ఎంత రేటుకు వెళ్లిందో ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ, వారం వారం తెలుగులో బయటపెట్టాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏప్రిల్‌లో ఏజెంటును నిలబెట్టి అడిగేవాణ్ని, 100 కౌంటుకు అమెరికాతో ఏం సంబంధమని. దేశంలోనే రొయ్యల వాడకం పెంచుదామంటున్నారు, పెంచండి, కానీ దానికి ఏళ్లు పడుతుంది.

చర్చలకు వెళ్లే వాణిజ్య శాఖ అధికారులు ఒక్క రోజు భీమవరం రావాలి, ఇంకో రోజు నెల్లూరు వెళ్లాలి. ఏసీ హాలు అక్కర్లేదు, కల్యాణ మండపం చాలు. తెలుగులో మాట్లాడితే చాలు. రొయ్య పిల్లలకెంతైంది, మేతకెంతైంది, కరెంటుకెంతైంది, చివరికి చేతికెంతొచ్చింది, బిల్లులన్నీ పట్టుకుని వస్తాం. లీజు డబ్బు కట్టాల్సిన గడువు దగ్గర పడుతోంది, ఆ నాలుగెకరాలు ఉంచుకోవాలో వదిలేయాలో ఇప్పటిదాకా తేల్చుకోలేకపోతున్నాను. ఆ సమావేశమేదో ఈలోపే పెట్టించండి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
ఆకివీడు మండలం