వాల్తేరు పేరు పోయింది, ఒక్క చిన్న స్టేషన్ అయినా మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

కిందటేడాది వేసవిలో అమెరికాలో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాను. మేరీల్యాండ్‌లో వాళ్ళింటికి దగ్గర్లో ఎల్లికాట్ సిటీ అని ఊరుంది. పేరుకి సిటీయే గానీ పాత ఊరు చాలా చిన్నది, ఏటి ఒడ్డున ఒకే ఒక పెద్ద వీధి. ఆ వీధి చివర గ్రానైట్ రాళ్ళతో 1831లో కట్టిన రైల్వే స్టేషన్ ఉంది. అమెరికాలో ఇప్పటికీ నిలబడి ఉన్న స్టేషన్లలో అదే అన్నిటికంటే పాతదట. బాల్టిమోర్ నుంచి అక్కడిదాకా 13 మైళ్ళు ముందుగా పట్టాలు వేశారు, మొదట్లో ఆ పట్టాల మీద పెట్టెల్ని గుర్రాలే లాగేవి. ప్యాసింజర్ బళ్ళు ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడది మ్యూజియం.

నన్ను కదిలించింది దాని వయసు కాదు. స్టేషన్‌ని స్టేషన్‌లాగే ఉంచారు. బయట పాత గార్డు పెట్టె ఒకటి ఉంది, పిల్లలు ఎక్కి చూస్తున్నారు, పక్క పట్టాల మీద గూడ్స్ బళ్ళు ఇప్పటికీ పోతున్నాయి. 1972లో తుఫాను వరద, మళ్ళీ 2016, 2018ల్లో రెండు వరదలు ఆ ఊరిని ముంచెత్తాయి, 2018లో అయితే ఆ పెద్ద వీధి నదిలా పారింది. అయినా ఆ ఊరివాళ్ళు స్టేషన్‌ని వదులుకోలేదు.

అక్కడ బెంచీ మీద కూర్చుంటే నాకు మా నాన్నగారే గుర్తొచ్చారు. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్, అంటే బండి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారేలా పట్టాలు కలిపే ఉద్యోగి. చిన్న చిన్న స్టేషన్లలో పెరిగాం మేము. లివర్ లాగితే దూరంగా సిగ్నల్ చెయ్యి వాలడం, బండి రావడానికి దారి ఖాళీ అని చెప్పే లైన్ క్లియర్ గంట మోగగానే అందరూ లేచి నిలబడడం, కిటికీలోంచి అట్ట టికెట్టు మీద తేదీ కొట్టే చప్పుడు, ఇవన్నీ నా మనవరాలికి ఎలా చెప్పను? చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మన విశాఖకి ఇది తెలియని పని కాదు. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చేసి బీచ్‌లో పెట్టుకున్నాం, తర్వాత యుద్ధ విమానాన్ని కూడా తెచ్చాం. సముద్రానికి చేసినంత రైలుకి ఎందుకు చెయ్యలేదు? బైలడిలా గనుల నుంచి ఇనుప ఖనిజం మన పోర్టుకి దింపడానికి 1960ల్లో తూర్పు కనుమలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్‌లో 58 సొరంగాలున్నాయి, అరకు వెళ్ళేవాళ్ళం కిటికీలోంచి వాటిని లెక్కపెట్టుకుంటూ పోతాం గానీ తొలిచినవాళ్ళ గురించి ఒక్క మాట కూడా వినం. వాల్తేరు స్టేషన్ పేరు 1987లో విశాఖపట్నంగా మారింది. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్ పేరు కూడా విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. పేరు మార్చడం మీద నాకు గొడవ లేదు, కానీ ఆ పేరుతో బతికిన మా లాంటి రైల్వే కుటుంబాల జ్ఞాపకం ఎక్కడ పెట్టుకోవాలి?

కేకే లైన్‌లో రెండో లైన్ పనులు నడుస్తున్నాయి. ఇలాంటప్పుడే పాత స్టేషన్ భవనాలు కూలిపోతాయి, లివర్లు, గంటలు, ఫోన్లు స్క్రాప్‌లోకి వెళ్తాయి. ఒకసారి పోతే మళ్ళీ రావు. అందుకని రైల్వే అధికారులకీ, పర్యాటక శాఖకీ మీ పత్రిక ద్వారా ఒకటే అడుగుతున్నాను. శిమిలిగుడ అయినా సరే, ఆ దారిలో ఇంకో చిన్న స్టేషన్ అయినా సరే, ఒక్కదాన్ని ఎంచుకుని సామానుతో సహా ఉన్నది ఉన్నట్టు ఉంచండి. కొత్త హాలు కట్టి అద్దాల పెట్టెల్లో పెట్టక్కర్లేదు. స్టేషన్ మాస్టర్ గది స్టేషన్ మాస్టర్ గదిలాగే ఉంటే చాలు. ఆ లైన్‌లో పనిచేసిన గ్యాంగ్‌మన్లు (పట్టాలు బాగుచేసే కూలీలు), డ్రైవర్లు చాలామంది 80 దాటినవాళ్ళు, వాళ్ళు ఉండగానే వాళ్ళ మాటలు రికార్డు చెయ్యండి. ఇది మాత్రం ఈ ఏడాదే మొదలు కావాలి, భవనం సంగతి కొంచెం ఆలస్యమైనా పరవాలేదు.

నాన్నగారి విజిల్, ఆయన చేత్తో గీతలు గీసుకున్న రూల్స్ పుస్తకం నా దగ్గరున్నాయి. చోటు చూపిస్తే తెచ్చి ఇస్తాను.

– ఒక రైల్వే కుటుంబం పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం