పాత కంప్యూటర్‌ను అప్పుడే మూలన పడేయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కంటే కంప్యూటర్ల గురించే ఎక్కువ అడిగారు. "మేడమ్, మా డెస్క్‌టాప్ ఆన్ చేసి చాయ్ పెట్టుకొని తాగినా తెరుచుకోదు, కొత్తది కొనాల్నా?" అని ఒకరు, ల్యాబ్‌లో పాతవి మార్చడానికి ఫీజు పెంచుతారేమోనని ఇంకొందరు. ఫీజు పెంచడం లేదు. దసరా సెలవుల్లో ఆ పాతవాటినే బాగుచేయించాం. ఏం చేయించామో రాస్తున్నాను, మీ ఇంట్లోనూ పనికొస్తుంది.

ముందు దుమ్ము. మన వరంగల్ దుమ్ము సంగతి చెప్పేదేముంది, ఎనుమాముల మార్కెట్ వైపు ఉండేవాళ్లకు పత్తి సీజన్‌లో దూది నూగు కూడా తోడవుతుంది. ల్యాబ్‌లో ఒక సీపీయూ డోరు తీస్తే ఫ్యాను కింది అల్యూమినియం రేకుల సందుల్లో దుమ్ము గడ్డకట్టి పరుపులా పేరుకుని ఉంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తనే వేగం తగ్గించుకుంటుంది, మనమేమో వైరస్ అనుకుంటాం. ప్లగ్గు పీకేసి, మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో దులపండి. ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

అసలు దొంగ మాత్రం చాలాసార్లు హార్డ్ డిస్కే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ పనీ చేయకపోయినా అందులో డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోతే, దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్, వేయించండి. తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదివితే, మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది, చిన్న చిన్న ఫైళ్ల దగ్గరైతే తేడా ఇంకా ఎక్కువ. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోతుంటే ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) 4 జీబీ నుంచి 8 చేయించండి, కానీ పాత రకం డీడీఆర్3 ర్యామ్ స్లాట్‌లో కొత్త రకం డీడీఆర్4 పట్టదు కాబట్టి షాపుకు పాత ముక్కను వెంట తీసుకుపోండి. తేదీ మాటిమాటికీ వెనక్కి పోయి, సైట్లు తెరుచుకోవడం లేదా? మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటుంది. దానికి మెకానిక్ కూడా అక్కర్లేదు.

స్పీడ్ పెంచుతామని నెట్‌లో ఊరించే ఉచిత సాఫ్ట్‌వేర్లు మాత్రం వేయకండి. పిల్లలు వేసేసి ఉంటే తీసేయండి, ఇది కొంచెం గట్టిగానే చెప్తున్నాను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ (కంపెనీ ఇచ్చే భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు 8వ తరం నుంచే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మన ల్యాబ్‌వి అంతకంటే పాతవి, అందుకే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాం. అది ఉచితం, పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలకు ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో డిస్క్ మార్పించే ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే చోట కాపీ చేసుకోండి, తీసేసిన డిస్క్‌ను షాపులో వదిలేసి రాకండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం ల్యాబ్ తెరిచే ఉంటుంది, కంప్యూటర్ సార్ కూడా ఉంటారు. సీపీయూ బండి మీద పెట్టుకొని రావలసిన పనిలేదు, టాస్క్ మేనేజర్ తెరను ఫోన్‌లో ఫొటో తీసి తెస్తే చాలు.

మీ ప్రధానోపాధ్యాయురాలు